వెనక సీటు మనిషి

బుధవారం

మా బొద్దక్కకి,

నేనూ నా కుట్టుమిషనూ బాగానే ఉన్నాం. మీ మరిది సంగతే నాకు అంతుపట్టడం లేదు. ఫోన్లో చెబుదామంటే మా రెండు గదుల ఇంట్లో గుసగుసలు కూడా గోడ దాటిపోతాయి. అందుకే మన పాత అలవాటు ప్రకారం కాగితం ముందేసుకున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే ఎర్ర ఇంకుతో దిద్ది నీ జవాబుతో పాటు తిప్పి పంపు. ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసిన చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు.

విషయం ఏమిటంటే, ఆయన బండి మార్చేశారు.

నీకు తెలుసుగా ఆ పాత నూట యాభై సీసీ బండి. పదకొండేళ్లు దాని మీద తిరిగారు. యాభై దాటగా నేనెప్పుడూ చూడలేదు. నత్తగారు అని నేను పేరు పెట్టింది ఊరికే కాదు. కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే మనిషి, తొందరపడితే అద్దం పగులుతుంది, ఆ అలవాటు రోడ్డు మీదా పోలేదు. ఆ బండికి ఉన్న సీటు నేను సీట్లు కుట్టే పని నేర్చుకున్నాక కుట్టిన మొట్టమొదటిది. ఎడమ అంచున కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుడతానంటే, "ఉండనీ, వంకర కుట్టు ఉంటే పార్కింగులో నా బండి నాకు తొందరగా దొరుకుతుంది" అన్నారు. ఆ మాటకి నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

నిన్న మంగళవారం, ఆయన దుకాణానికి సెలవు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చారు. వీధి మలుపులో లారీ ఏదో వస్తోందనుకున్నాను. తీరా చూస్తే ఆయన. వెయ్యి సీసీ బండి. ముందు ఛాతీ ఎత్తున గాలి అద్దం, రెండు పక్కలా పెట్టెలు, వెనక కూర్చునేవాళ్లకి నడుం ఆన్చుకోవడానికి దిండు.

"స్పోర్ట్ టూరర్ అంటారు" అన్నారు, జలుబు చేసింది అన్నంత మామూలుగా.

"పాతదేది?"

"ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను."

"సీటుతోనేనా?"

"సీటు లేకుండా వాళ్లు తీసుకోరు కదా."

గిరుక్కున ఇంట్లోకి వచ్చేశాను అక్కా. బండి పోయినందుకు కాదు. అడిగితే నేనే ఆ సీటు విప్పి ఇంట్లో పెట్టుకునేదాన్ని. ఒక్క మాట అడగలేదు. ఇంత పెద్ద బండి ఎందుకంటే, దూరాలు తిరగాలని ఉందట. ఎవరో క్లబ్బువాళ్లట. ఇక నుంచి ప్రతి మంగళవారం కొండదారిలో వెళ్లొస్తారట. ఇదంతా నాతో కాదు, తలుపు వెనక కొక్కేనికి వేలాడే తువ్వాలుతో చెప్పారు. అబద్ధం చెప్పాల్సి వస్తే ఆయన ఆ తువ్వాలునే చూస్తారు. ఈ రోజు పనికి నడిచి వెళ్లారు. వెయ్యి సీసీ బండి ఇంటి ముందు పెట్టుకుని కాలినడకన పనికి పోయే మనిషిని నువ్వెక్కడైనా చూశావా?

నువ్వు ఒక్కసారి వచ్చి ఆయన మొహం చూస్తే ఇట్టే పసిగట్టేదానివి. కానీ నీకు బస్సూ పడదు, కారూ పడదు. తలుపు వేస్తే చాలు ఊపిరాడదు. నా ఐదేళ్లప్పుడు ఆటలో నిన్ను పరుపుల పెట్టెలోకి ఎక్కించి గొళ్లెం పెట్టి, ఆ సంగతే మరిచిపోయి వీధిలో ఆడుకున్న ఘనత నాదే కాబట్టి ఇందులో నోరెత్తే హక్కు నాకు లేదు. పోనీ నేనే వస్తానంటే ఇంటికి సున్నాలు వేయిస్తున్నానంటావు. ఐదు నెలలుగా సున్నాలేమిటక్కా, కోటేమైనా కడుతున్నావా?

జవాబు రాయి. నాకు మనసు కుదురుగా లేదు.

నీ చెల్లెలు
పిచ్చుక

~

గురువారం

అక్కా,

నీ జవాబు వచ్చింది. నాలుగు పేజీలు రాస్తే నాలుగు ముక్కలు రాశావు. "మరిది మంచివాడు. అనవసరంగా తవ్వకు." అంతే. ఎర్ర ఇంకు ఒక్క చుక్క లేదు. నేను ఉన్నట్టుండి తప్పులు లేకుండా రాయడం మొదలుపెట్టానా, నీకే ఓపిక లేదా? అక్షరాలు కూడా చీమలు పాకినట్టున్నాయి. కొత్త పెన్ను కొనుక్కో.

తవ్వకు అన్నావు. తవ్వాను. విను.

మొదటిది. బండి మీటరు. మూడు మంగళవారాలు ఆయన బయలుదేరే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూశాను. మూడుసార్లూ మూడు వందల పన్నెండు కిలోమీటర్లు. షికారు తిరిగే మనిషి ఒకనాడు రెండొందలు తిరుగుతాడు, ఒకనాడు నాలుగొందలు తిరుగుతాడు. గీత గీసినట్టు మూడు వందల పన్నెండేమిటి? ఎక్కడో ఒక చోటు ఉంది. అక్కడికే వెళ్తున్నారు, అక్కడి నుంచే వస్తున్నారు.

రెండోది. నా దుకాణం ఎదురుగా తాళాలు చేసే ఆయన ఉన్నాడుగా, ఊళ్లో తాళాల కంటే ఊళ్లో మనుషుల సంగతులే ఎక్కువ తెలిసినవాడు. మొన్న పెద్ద రోడ్డు మీద ఈయనకి ఎదురుపడ్డాడట. "చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. వెనక ఎవరో ఆడమనిషి ఉంది. మెడ చుట్టూ శాలువా కప్పుకుంది. అంత పెద్ద బండి, గుంట కనపడితే చాలు మీ ఆయన కాళ్లు రెండూ కిందపెట్టి మెల్లగా దాటిస్తున్నాడు. గుడ్ల బుట్ట మోసినట్టు మోస్తున్నాడనుకో" అన్నాడు. నేను నవ్వేసి, క్లబ్బువాళ్లలే అన్నాను. నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

మూడోది. పక్క పెట్టెలో రెండో హెల్మెట్ దొరికింది. ఆయనది మొహం మొత్తం మూసేది. ఇది ముందు అద్దం కూడా లేని, మొహమంతా బయటికి కనిపించే రకం. అందమైన మొహం అయ్యుంటుంది, దాచుకోవడం ఇష్టం లేదు కాబోలు. లోపలి గుడ్డంతా వేళ్లతో వెతికాను. ఒక్క వెంట్రుక దొరకలేదు. ఎంత జాగ్రత్తపరులో చూడు, అది కూడా దులిపి పెడుతున్నారు.

నాలుగోది అసలైనది. నేను సీట్లు కుట్టేదాన్ని. ఎవరి బండి అయినా తెచ్చి నిలబెడితే సీటు మీద అరచెయ్యి ఆన్చి, దాని మీద ఎలాంటి మనిషి కూర్చుంటాడో చెప్పేస్తాను. ఆయన పనికి వెళ్లాక వెనక సీటు మీద చెయ్యి పెట్టాను. మనిషి నలభై ఐదు, నలభై ఆరు కిలోలు. ఎడమ వైపు ఒరిగి కూర్చుంటుంది. ఎడమ వైపు ఫోమ్ అణిగింది, కుడి వైపు ఇంకా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఒయ్యారం అంటే అదే కాబోలు. నీలాంటి నిండైన మనిషి కాదులే, నువ్వు ఎక్కితే ఆ సీటుకి తన ఉద్యోగం ఏమిటో తెలిసొచ్చేది.

రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను.

"మీ బండి వెనక ఎవరు కూర్చుంటున్నారు?"

"క్లబ్బులో ఒకాయన. బండి రిపేరుకిచ్చాడు."

"ఆయన బరువెంత?"

"నాకేం తెలుసు?"

"నలభై ఆరు కిలోలు" అన్నాను.

నీళ్లు తాగుతున్న మనిషికి పొలమారింది. తల మీద తట్టాల్సింది నేనే కదా, తట్టాను. దగ్గు తగ్గాక నా వైపు చూశారు. తప్పు చేసినవాడి చూపు కాదక్కా అది. జాలిగా చూశారు. నన్ను చూసి ఎవరైనా జాలి పడితే నాకు ఒళ్లు మండుతుందని నీకు తెలుసు. "కొన్నాళ్లు నన్నేమీ అడక్కు" అన్నారు. ఇంక తువ్వాలు వైపు కూడా చూడలేదు.

కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లు? ఆవిడ మనసు మారేదాకానా, ఈయన మనసు మారేదాకానా? ఆయన నన్ను వద్దనుకుంటే నా మిషను రిక్షాలో వేసుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. సున్నాలు ఆరినా ఆరకపోయినా సరే. ఒక్క గది నాకివ్వు.

నీ
పిచ్చుక

~

శుక్రవారం

అక్కా,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబివ్వలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన పని ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

పోయిన వారం సోమవారం. ఆయన పనికి వెళ్లగానే దుకాణం మూసి ఇంటికొచ్చాను. రెంచీ పట్టుకుని వెనక సీటు విప్పాను. కింద పిన్నులు పీకి, రెక్సిన్ వెనక్కి మడిచి, ఫోమ్ బయటికి తీశాను. ఎడమ వైపు, సరిగ్గా ఆ మహాతల్లి ఒరిగి కూర్చునే చోట, కత్తితో గుంట తవ్వి, అందులో రెండు వేళ్ల వెడల్పు చెక్కముక్క నిలువుగా దిగగొట్టాను. పైన కాస్త పలచటి ఫోమ్ పరిచి, మళ్లీ రెక్సిన్ లాగి పిన్నులు కొట్టేశాను. చేత్తో తడిమితే తెలియదు. కూర్చున్నాక పది నిమిషాల దాకా కూడా తెలియదు. అరగంటకి ఎముకలోకి దిగుతుంది.

ఎవరి సీటు చెడినా బాగుచేసి పంపే చెయ్యి ఇది. దీంతో ఇలాంటి పని చేయడం ఇదే మొదటిసారి. చేస్తున్నంతసేపూ నా చెయ్యి వణకలేదు, అదే నాకు భయంగా ఉంది.

మంగళవారం ఆయన మామూలు కంటే రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. అన్నం కెలికి వదిలేశారు. నాకు లోపల సంతోషం వేసిందక్కా, నీ దగ్గర దాచను. నొప్పి అని సగం దారిలో దిగిపోయి ఉంటుంది, పోట్లాడుకుని ఉంటారు అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయన బండి దగ్గర నిలబడి వెనక సీటు మీద అరచేత్తో నొక్కుతూ కనిపించారు.

"ఈ సీటు నువ్వేమైనా విప్పావా?"

"నాకేం పని?" అన్నాను. నా కళ్లు ఎటు పోయాయో తెలుసా? తలుపు వెనక తువ్వాలు మీదికి. కాపురం చేయగా చేయగా ఆయన అలవాటే నాకూ వచ్చింది.

మొన్న మంగళవారం ఆయన మా తలగడ తీసుకుని ఆ సీటుకి తాడుతో కట్టుకుని వెళ్లారు. నేను పూలు కుట్టిన తలగడ. నా తల పెట్టుకునే తలగడ మీద ఎవరో కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆయన దాన్ని తెచ్చి మంచం మీద పెడితే నేను ముట్టుకోలేదు. చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇంక నాకు దారి లేదు. వచ్చే మంగళవారం తాళాలాయన స్కూటరు అడిగి వెనకే వెళ్తాను. మూడు వందల పన్నెండులో సగం నూట యాభై ఆరు. నూట యాభై ఆరో కిలోమీటరు దగ్గర ఏ తలుపు ఉందో, ఆ తలుపు ఎవరు తీస్తారో నా కళ్లతో చూస్తాను. చూశాక నీ దగ్గరికే వస్తాను. నువ్వు కూడా తవ్వకు అంటే నాకింక మనుషులే లేరు.

నీ
చెల్లెలు

~

సోమవారం

పిచ్చుకా,

ఈ ఉత్తరం మా లైబ్రరీ ఆయన చేతికిచ్చి పంపుతున్నాను, రేపటికి ముందే నీకు అందాలని. స్కూటరు అడక్కు. కూర్చుని చదువు.

మూడు వందల పన్నెండు అని రాశావు. లెక్క నేను చెబుతాను. మీ ఇంటి నుంచి మా ఇంటికి తొంభై. మా ఇంటి నుంచి పెద్ద ఆసుపత్రికి అరవై ఆరు. మళ్లీ అరవై ఆరు, మళ్లీ తొంభై. ఆ వెనక సీటు మనిషిని నేనే.

ఒక్కొక్కటీ చెబుతాను, ఏడవకుండా చదువు. నాకు కుడి తుంటిలో గడ్డ లేచింది. ఇక్కడి డాక్టరు చూసి, పెద్ద ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోమని చీటీ రాశాడు. మూడుసార్లు బస్సు దాకా వెళ్లాను. మూడుసార్లూ మెట్టు మీద కాలు పెట్టి దిగిపోయాను. ఆ చీటీని పుస్తకంలో పెట్టి ఎనిమిది నెలలు మరిచిపోయినట్టు నటించాను. కొత్త కళ్లజోడు ఇవ్వడానికి మీ ఆయన ఒక మంగళవారం వచ్చి, అద్దాలు సరిపోయాయో లేదో చూద్దామని నా ముందున్న పుస్తకం తెరిచి చదవమన్నాడు. చీటీ అందులోంచి జారి పడింది. ఆ వారమే ఆ చిన్న బండి మీద నన్ను ఎక్కించుకుని తీసుకెళ్లాడు. రెండుసార్లు దాని మీదే వెళ్లాం. ప్రతి గుంటకీ నాకు చుక్కలు కనిపించేవి. మూడోసారి వెళ్లాల్సిన వారానికి ఆ ఓడ తెచ్చాడు. "వదినా, పాత సీటు ఇచ్చేశాను, ఇంట్లో నా పని అయిపోయింది" అన్నాడు. ఆ వంకర కుట్టు కోసం షోరూములో అరగంట నిలబడ్డాడట, సీటు విడిగా ఇమ్మని. వాళ్లు ఒప్పుకోలేదట.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది నేను. ఎందుకో నువ్వే ఆలోచించు. ఎనిమిది నెలలు ఎందుకు ఆలస్యమైందని నువ్వు అడుగుతావు. బస్సు ఎక్కలేకపోయానంటాను. బస్సు ఎందుకు ఎక్కలేవో నీకు తెలుసు. ఆ పెట్టె గొళ్లెం నువ్వు జీవితాంతం మోస్తావు. నీకప్పుడు ఐదేళ్లు, పిచ్చుకా. ఆ పెట్టెలోకి దిగింది నా అంతట నేనే, దాక్కుంటే నువ్వు వెతుకుతావని. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, అది నా తప్పు.

మొహం మూసే హెల్మెట్ నేను పెట్టుకోలేనని ఆ రకం కొన్నాడు. అందమైన మొహం అన్నందుకు సంతోషం. లోపల వెంట్రుక దొరకలేదన్నావు, తల మీద ఉంటే కదా దొరకడానికి. మందు ఎక్కించిన మూడో వారానికే అంతా పోయింది. ఎడమ వైపు ఒరగడం ఒయ్యారం కాదు, కుడి వైపు ఆనితే ప్రాణం పోతుంది. బరువు నలభై ఆరు అన్నావు. ఆ వారం ఆసుపత్రి తూకం మీద నిలబడితే సరిగ్గా నలభై ఆరే చూపించింది. నీ చెయ్యి ఎంత మంచి చెయ్యే.

ఇక చెక్కముక్క సంగతి. ఆ మంగళవారం దారిలో ఎడమ వైపు కూడా నొప్పి మొదలైంది. నాలుగుసార్లు బండి ఆపించాను. డాక్టరుకి చెబితే మొహం మారిపోయింది. జబ్బు ఎముకల్లోకి పాకిందేమో, స్కానింగు తీయాలన్నారు. సొరంగం లాంటి మిషను, అందులో ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. రేపటికే ఆ స్కానింగు పెట్టారు. పదకొండు రోజులు నాకు ఎముకల్లో జబ్బు ఉందనే అనుకున్నాను. నీ రెండో ఉత్తరానికి జవాబు రాయలేదన్నావు, ఏం రాయను? వీలునామా ఎలా రాయాలో లైబ్రరీలో పుస్తకం చూస్తూ కూర్చున్నాను.

మొన్న శనివారం నీ మూడో ఉత్తరం వచ్చింది. రెండు వేళ్ల వెడల్పు చెక్కముక్క అన్న చోట ఆగిపోయాను. మళ్లీ చదివాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను, నవ్వి నవ్వి ఏడ్చాను. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి నవ్వు వినిపించింది. "ముందు ఆ సీటు మార్పించండి, నొప్పి తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు. ఎడమ వైపు నొప్పి అప్పటికే తగ్గుముఖం పట్టింది. అంటే, రేపు నేను ఆ సొరంగంలోకి దూరక్కర్లేదు. ఒకప్పుడు గొళ్లెం పెట్టినదానివి, ఈసారి నువ్వే తీశావు.

మరిదికి ఈ సంగతి చెప్పలేదు. అది నువ్వే చెప్పుకో. రేపు ఆసుపత్రికి వెళ్లాలి, మందు ఎక్కించుకోవాలి. ఆ చెక్క తీసెయ్యి.

నీ ఉత్తరాల్లో పద్దెనిమిది తప్పులున్నాయి. కాస్త ఓపిక రాగానే ఎర్ర ఇంకు తీస్తాను.

నీ అక్క

~

మంగళవారం, తెల్లవారుజామున

మా బొద్దక్కకి,

ఈ కాగితం ఆయన జేబులో పెట్టి పంపుతున్నాను. ఇది నీ చేతికి వచ్చేసరికి బండి నీ గుమ్మం ముందు ఉంటుంది.

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. ఎదురుగా తాళాలాయన చూస్తున్నా పట్టించుకోకుండా నేల మీద కూర్చుని ఏడ్చాను. నీకు ఎముకల దాకా నొప్పి పుట్టించిన చెయ్యి ఇదేనని దాన్ని చూసుకుంటూ ఉండిపోయాను. క్షమించమని రాయడానికి నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. క్షమించక్కా. ఆ పెట్టె సంగతి మాత్రం నువ్వు ఏం చెప్పినా నేను నమ్మను, నా మనసు తేలిక పరచడానికే చెబుతున్నావు. అయినా చెప్పినందుకు బతికిపోయాను.

ఆయన ఇంటికి రాగానే చెక్కముక్క తీసి చేతిలో పెట్టి అంతా చెప్పాను. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"నన్ను అనుమానించావు, సరే. వెనక కూర్చున్న మనిషిని ఎందుకు శిక్షించావు?" అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది. లేచి వెళ్లి నా తలగడ ఉతికి తీగ మీద ఆరేసి వచ్చారు. "నీకు చెప్పనందుకు నాదీ తప్పే" అన్నారు. అప్పుడు నా కళ్లలోకే చూశారు.

సీటు మొత్తం కొత్తగా చేశాను. నలభై ఆరు కిలోల మనిషికి సరిపడే మెత్తటి ఫోమ్ వేశాను. కుడి వైపు లోతుగా తవ్వాను, తుంటి ఎక్కడా ఆనదు. ఎడమ అంచున కుట్టు కాస్త వంకర పోయింది. విప్పుతానంటే ఈసారీ వద్దన్నారు.

నేను మొదటి బస్సులో బయలుదేరుతున్నాను. ఆయన నడిపే తీరుకి మీ ఇద్దరికంటే ముందే చేరతాను. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంటాను. నిన్ను గుర్తుపట్టలేనేమోనని భయంగా ఉంది, అందుకని ముందు నువ్వే నన్ను పిలువు.

ఇంకొక మాట. సీటు అడుగున జిప్పు పెట్టాను, పిన్నులు పీకకుండానే ఫోమ్ మార్చొచ్చు. అరవై ఎనిమిది కిలోల నిండైన మనిషికి సరిపడే గట్టి ఫోమ్ రాత్రే కోసి, నీ పేరు రాసి దుకాణంలో మేకుకి తగిలించాను. దాన్ని ఇంకెవరికీ వాడను.

నీ
పిచ్చుక